కుట్టుకి వదిలిన అంగుళం

మొన్న ఒకావిడ టీపాయి మీదకి గుడ్డ కుట్టమని బట్ట తెచ్చింది. జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషను. "కొలత రాసుకొచ్చానండి, సరిగ్గా దానికే కొయ్యండి, ఎక్కువ వదలొద్దు" అంది. ఆవిడ తప్పేం లేదు. కానీ ఆ 'సరిగ్గా' అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కత్తెర పక్కన పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ కూర్చున్నాను. ఆ మంట సంగతి రాయమని మా అమ్మాయే అంది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. కొలతల పుస్తకంలో తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఎక్కడైనా వంకరపోతే సర్దుకుని చదవండి.

మా అమ్మాయి నందిగామలో బి.ఏ. చదివింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేది, సాయంత్రం వచ్చి నాకు కాజాలు కుట్టి పెట్టేది. డిగ్రీ అవగానే బి.ఎడ్. చేసి టీచరవ్వాలని దాని కోరిక. అన్నీ పాసయింది. కానీ ఆ కాలేజీలో ఏ గ్రూపు వాళ్ళయినా ఒక లెక్కల పేపరు గట్టెక్కాలి, లేకపోతే డిగ్రీ చేతికి రాదు. రాజుల కథలు చదివే పిల్లకి లెక్కలతో ఏం పనని మా ఆయన గొణిగాడు గానీ, నాకు మాత్రం భయం లేదు. ఎనిమిదో ఏట నుంచీ అది నా టేపు పట్టుకుని పెరిగిన పిల్ల. ఛాతీ కొలతలో నాలుగో వంతు ఎంతంటే నాకన్నా ముందే చెప్పేది. పాసుకి ముప్పై అయిదు రావాలి. ముప్పై మూడు వచ్చాయి.

రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు కాలేజీలో దిద్ది ఇచ్చిన పేపరు తెచ్చి, తప్పు పోయిన లెక్క చూపించింది. నలభై ఎనిమిది అంగుళాల పొడవు, ముప్పై అంగుళాల వెడల్పు ఉన్న బల్లని సరిగ్గా కప్పడానికి ఒక గుడ్డ కుట్టాలి, ఎన్ని చదరపు అంగుళాల బట్ట కావాలి? రెండు మార్కులు. మా అమ్మాయి నాలుగు పక్కలా మడతకి అంగుళం చొప్పున కలిపి, యాభైని ముప్పై రెండుతో హెచ్చించి, పదహారు వందలని రాసింది. వాళ్ళ జవాబు పద్నాలుగు వందల నలభై. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. కుట్టుకి వదలకుండా బట్ట కోయకూడదని దానికి నేర్పింది నేనే. చిన్నప్పుడు ఒక పరికిణీ గుడ్డ అలా కోసేసిందని వీపు మీద ఒకటి వేశాను కూడా. ఆ దెబ్బ గుర్తుండబట్టే పరీక్షలోనూ వదిలింది.

మర్నాడు పాత దుప్పటిలోంచి వాళ్ళ జవాబు ప్రకారమే, నలభై ఎనిమిదికి ముప్పై, ఒక ముక్క కోసి నాలుగు పక్కలా మడిచి కుట్టాను. టేపు, చాక్‌పీసు సంచిలో పడేసుకుని నందిగామ బస్సెక్కాను. అమ్మాయి పక్కన కూర్చుని దారంతా "అమ్మా, పరువు తియ్యకే" అంటూనే ఉంది. కాలేజీ గేటు దగ్గర ప్యూను నా సంచి చూసి, "చీరలమ్మేవాళ్ళు లోపలికి రాకూడదమ్మా" అన్నాడు. "అమ్మడానికి కాదు నాయనా, అప్పజెప్పడానికొచ్చా" అని లోపలికి పోయాను.

లెక్కల మేడం గారు మంచావిడే, కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. ఆవిడ పెద్ద బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి, టేపు పెట్టి కొలిచి, చాక్‌పీసుతో నలభై ఎనిమిదికి ముప్పై గీశాను. గీతల లోపల నా గుడ్డ పరిచాను. చుట్టూతా అంగుళం బల్ల బయటపడింది.

"ఇది మీ పద్నాలుగు వందల నలభై అండీ. బల్ల కప్పిందా?"

ఆవిడ గుడ్డని ఒక మూలకి లాగింది. అవతలి రెండు పక్కలా రెండేసి అంగుళాలు బయటపడ్డాయి. "నిజమేనమ్మా" అంది. "కానీ లెక్కలో మడత గురించి చెప్పలేదు కదా."

"కుట్టాలని చెప్పారు కదండీ! మడవకుండా ఎవరు కుడతారు? మీరేసుకున్న జాకెట్టు పక్క కుట్లు రెండుసార్లు విప్పి వదులు చేశారు. కుట్టినావిడ లోపల బట్ట వదలకుండా సరిగ్గా కోసుంటే ఇవాళ మీకు పట్టేదా?"

అమ్మాయి నా మోచేయి గిల్లింది. మేడం గారు జాకెట్టు వైపు చూసుకుని నవ్వింది. తర్వాత ఆ నవ్వూ పోయింది. "ప్రశ్నా, జవాబూ రెండూ పైనుంచే వస్తాయమ్మా. మేం దిద్దడం వరకే. మార్కులు పంపించేశాం. మళ్ళీ రాయించండి" అంది. మళ్ళీ రాసే పరీక్ష ఆరు నెలల తర్వాత. అప్పటికి బి.ఎడ్. సీట్లు అయిపోతాయి. నిజమేనని ఒప్పుకున్నాక కూడా మార్కు ఇవ్వకపోవడం ఏం న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాను. గీతలు మాత్రం తుడవలేదు.

ఆ ఆరు నెలలూ అమ్మాయి నా మిషను పక్కనే కూర్చుని లెక్కలు చేసింది. గోడ సున్నం లెక్క వచ్చినా, నీళ్ళ తొట్టి లెక్క వచ్చినా, "దీనికి వదలాలా అమ్మా?" అని అడిగేది. "వాళ్ళకి వదలకు" అనేదాన్ని. అలా అనడానికి నా నోరు ఎంత చేదయ్యేదో దానికి చెప్పలేదు. రెండోసారి పాసయి, మరుసటి ఏడాది బి.ఎడ్.లో చేరింది. ఇప్పుడు నందిగామలోనే ఒక బడిలో టీచరు. కాలేజీలో దానితో ఒకే బెంచీలో కూర్చున్న పిల్ల అక్కడే ఏడాది ముందు చేరింది. పెద్ద తరగతులు ఆ పిల్లవి, చిన్న తరగతులు మా అమ్మాయివి. "పోన్లేవే అమ్మా, ఎంత, ఒక్క ఏడాదేగా" అంటుంది.

టీపాయి గుడ్డకి ఆవిడ చూడకుండా అంగుళం వదిలే కోశాను. కాలేజీకి పట్టుకెళ్ళిన ఆ కురచ గుడ్డ ఇప్పుడు నా మిషను మీద కప్పి ఉంటుంది, ఒక పక్క ఎప్పుడూ దుమ్ము పడుతుంది. బట్ట తక్కువైతే అదే రంగు ముక్క వెతికి అతుకు వేస్తాను. పోయిన ఆ ఏడాదికి అతికే ముక్క మాత్రం ఏ కొట్లోనూ దొరకలేదు.