మోదుగాకుల మీద అడుగులు

మా పాపకు ఏడాదిన్నర కావస్తున్నా నడక రాలేదు. గోడ పట్టుకుని నిలబడేది, చేయి వదలగానే చతికిలబడేది. హైదరాబాదు కాలేజీలో వృక్షశాస్త్రం చదువుకున్నాను, ఏ గింజ ఎన్నాళ్లకు మొలకెత్తుతుందో చెప్పగలను. పాప విషయంలో మాత్రం ఏమీ తోచేది కాదు. నిద్రపోయాక రెండు కాళ్లూ పక్కపక్కన చేర్చి, ఒకే పొడవున్నాయా అని చూసేదాన్ని. మర్నాడు మళ్లీ చూసేదాన్ని.

నాందేడ్‌లో మా ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, నేను, పాప. అత్తమ్మ మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని మోదుగాకుతో విస్తర్లు కుట్టేది. కుడుతూనే నన్ను అనేది.

"సంకల కెల్లి దించితె గద నడిచేది. నేల నీ బిడ్డను మింగుతదా ఏంది?"

"తేళ్లుంటయి అత్తమ్మా."

"మా పిల్లలప్పుడు తేళ్లు లేకుండెనా? తేళ్లు తేళ్ల తొవ్వల పోయినయి, పిల్లలు నడిచిండ్రు."

మా ఆయనది నిజాం సర్కారు జంగ్లాత్‌లో, అంటే అడవుల శాఖలో, కొలువు. వైశాఖం చివర కిన్వట్ అవతలి కొండల మీద అడవి చూసి రావాల్సిన పని పడింది. ఊళ్లో ఎండకు పాప ఒళ్లంతా చెమటకాయలు పేలి ఉండటంతో మమ్మల్ని కూడా తీసుకువెళ్తానన్నాడు. కొండనీళ్లు తాగితే చలిజ్వరం వస్తుందని అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. నీళ్లు కాచి చల్లార్చి తాగిస్తామంటే చివరికి సరేనంది. "వచ్చేటప్పుడు మోదుగాకు తేండ్రి. బజార్ల దొరికేదంత చిల్లులే" అని ఖాళీ గోనెసంచి మా సామానులో తనే పెట్టింది.

రైలు దిగి ఎడ్లబండి ఎక్కాం. పైకి వెళ్తున్నకొద్దీ అడవి మారుతూ వచ్చింది. కింద రేగడి చేల గట్ల మీద మోదుగలు పూత రాల్చి, కొత్త ఆకు వేసుకుని ఉన్నాయి. వాటిని దాటితే టేకు. ఆ చెట్లన్నీ ఆకు దులిపేసుకుని బోసిగా నిలబడ్డాయి, నేల కనపడకుండా ఎండుటాకులు కప్పేశాయి. ఇంకా పైన బండల నడుమ ఊట ఉన్న లోయ, అందులో నేరేడు, ఎర్రమద్ది, వెదురు. అక్కడ అడుగుపెడితే ఎండాకాలం దాటి శ్రావణంలోకి వచ్చినట్టుండేది. లోయ పైన కొండ నెత్తి చదునుగా, ఎండిన గడ్డితో, గిడసబారిన చెట్లతో, ఎప్పుడూ గాలితో ఉండేది. దుప్పులు తెల్లవారుజామున ఆ గడ్డిలో మేసి, ఎండెక్కగానే లోయలోకి దిగేవి. నేరేడు కొమ్మల్లో కొండముచ్చులు సగం కొరికి పడేసే చిగుళ్ల కోసం కింద కాచుకుని ఉండేవి. మేం దిగిన జంగ్లాత్ బంగళా అరుగు మీద కూర్చుని నేను అవన్నీ చూస్తూ గంటలు గడిపాను. పాప నా ఒళ్లోనే ఉండేది.

తిరిగి వచ్చే రోజు టేకు అడవి అంచున బండి ఆపించి మోదుగాకు కోశాం. మా ఆయన కొమ్మ వంచి, "ఒడి పట్టు" అన్నాడు.

"పాప?"

"కింద వెట్టు. ఎవలెత్తుకపోతరు?"

"ఎలుగుబంటి."

"గది మనకన్న తెలివిగల్లది. గీ ఎండల తిరగదు."

కట్టెతో చుట్టూ ఆకులన్నీ కదిపి చూసి, టేకాకుల మీద కంబళి పరిచి కూర్చోబెట్టాను. నాలుగు కొమ్మలు కోసేలోపే పాప కంబళి దాటి పాకింది. అరచేయి ఎండుటాకు మీద పడి ఫెళ్లుమంది. చేయి ఎత్తి చూసుకుంది. పక్కనున్న మొక్కను పట్టుకుని లేచి, కాలు వేసింది. మళ్లీ ఫెళ్లుమంది. రెండో కాలు కూడా అలాగే చప్పుడు చేస్తుందా అన్నట్టు దాన్నీ వేసింది. అలా వేసుకుంటూ మొక్కను ఎప్పుడు వదిలిందో తనకే తెలియదు. నా ఒడిలోని ఆకులన్నీ జారిపోయాయి.

"పిలువకు. చప్పుడు ఇననీ" అన్నాడు మా ఆయన మెల్లగా.

ఇంటికి రాగానే ఆకుల చప్పుడు సంగతి అత్తమ్మకు చెప్పి, పాపను నట్టింట్లో దించాను. పాప నున్నని బండల నేల మీద ఒక అడుగు వేసింది, కిందికి చూసింది, కూర్చుంది. మర్నాడూ అంతే.

"అడవిల నడిచిందంటివి. ఇంట్లకు అడవి ఎట్ల తేవాలె ఇగ?" అంది అత్తమ్మ.

పాప పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని ఇది రాస్తుంటే ఆ భయం మళ్లీ గుర్తుకొస్తోంది. మేమిద్దరం చూసింది నడకేనా, ఊరికే తూలడమా అని అప్పుడు నాకే అనుమానం వచ్చింది.

కొండ నుంచి తెచ్చిన ఆకును అత్తమ్మ నీడన ఆరబెట్టి, కట్టలు కట్టి, రాయి పెట్టి అణిచింది. అన్నం వడ్డించే ఆకుకు కాలు తగలడం ఆమె ఒప్పుకోదు. ఒకసారి నా కాలివేలు తగిలిందని ఆ ఆకును నాతో కళ్లకద్దించి, తీసి పారేసింది. అలాంటిది, ఒక మధ్యాహ్నం రాయి తీసి, ఒక కట్ట విప్పి, ఆకులన్నీ వసారా నిండా పరిచింది.

"అత్తమ్మా, తొక్కుతది."

"తొక్కనీ."

పాపను స్తంభం దగ్గర నిలబెట్టి, తను అవతలి కొసన కూర్చుంది. పాప ఒక ఆకు మీద కాలు పెట్టింది. అది పెళుసుగా విరిగింది. పాప నవ్వి ఇంకో కాలు పెట్టింది. స్తంభం వదిలేసి, దారి పొడుగునా ఆకులు విరగ్గొట్టుకుంటూ వెళ్లి అత్తమ్మ ఒళ్లో పడింది. లేచి మళ్లీ స్తంభం దాకా వచ్చింది.

పొద్దు వాలేసరికి విస్తరికి పనికొచ్చే ఆకు ఒక్కటీ మిగల్లేదు. నేను చీపురు తెస్తే అత్తమ్మ వద్దంది.

"మీ ఆయన మల్లెప్పుడు పోతడు కొండకు?" అని అడిగింది.

"వచ్చే నెల కావచ్చు."

"రెండు మూటలు తెమ్మను. ఒకటి కుట్టుకుంట."