మానిటర్ ఎత్తుకుపోయిన రోజు

ప్రొద్దుటూరులో మాకు కంప్యూటర్ నేర్పిన సారుకు ఒక అలవాటుండేది. ఎవరైనా మానిటర్‌ను చూపించి కంప్యూటర్ అంటే చాలు, వెంటనే బల్ల కింది డబ్బాను తట్టేవాడు. "అది ఉత్త మొగమమ్మా. రాసిందంతా ఈడ, హార్డ్ డిస్క్‌లో ఉంటాది."

ఫ్యాక్షన్ రోజులవి. భర్తను చంపినవాళ్ల మీద ఒకామె సారుతో ఫిర్యాదు టైపు చేయించుకుంటుంటే, ఆ వర్గం మనుషులు నలుగురు లోపలికొచ్చారు.

"ఏమప్పా, ఈమె రాయించింది యాడుంది?"

సారు మానిటర్ చూపించాడు. "దీంట్లోనే మామా."

నేను నిర్ఘాంతపోయాను. వాళ్లు మానిటర్ తీగలు పెరికి, దాన్ని ఎత్తుకుని జీపెక్కారు.

సారు పక్క బల్ల మీది మానిటర్ తెచ్చి డబ్బాకు తగిలించాడు. ఫిర్యాదులో అక్షరం కూడా పోలేదు. ఇప్పుడొచ్చిన నలుగురి సంగతీ అందులో చేర్చి ప్రింటు తీశాడు.

"దీనికి సాక్షి ఎవరుంటారు సారూ?" అందామె.

"నేను చూసినా కదమ్మా," అని తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు రాసి సంతకం పెట్టాడు. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు.

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. అందులో ఆయన పేరు రాయడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. 'సారు' అని మాత్రం రాసుకున్నాను.