గడ్డ మీద వేసిన నింద

భుయ్యాడీహ్‌లో మా గోడకి ఆనుకున్న ఇల్లు తవిటయ్యది. ఉక్కు ప్లాంటులో ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, కింద క్రేన్‌కి బరువులు తగిలించే పని. భార్య నూకాలమ్మ తలలో గడ్డ. ఆపరేషన్‌లో కొంత తీశారు, కొంత మిగిలింది. అప్పుడప్పుడు ఫిట్స్ వచ్చేవి. వచ్చినప్పుడల్లా అతను ఆమె కుడిచేతిలో తాళాలగుత్తి పెట్టి గుప్పిట మూసేవాడు. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ దిగుతాయని నమ్మకం. మా వీధిలో కాదన్నవాళ్లు లేరు. ఫిట్స్ దిగాక కాసేపు ఆ చెయ్యి వాలిపోయి, తర్వాత దానంతటదే లేచేది. గొప్పంతా ఇనుముకే దక్కేది.

ఆ ఉదయం ఫిట్స్ రాలేదు. టీ వడకడుతుంటే నూకాలమ్మ చేతిలోంచి గిన్నె జారింది. మూతి ఒక పక్కకి పోయింది. మాట ముద్దయింది.

"నాన్నా, హాస్పిటల్ చలో నా! అభీ చలో!" అని ఏడ్చింది కూతురు శ్వేత.

"ఏటే కంగారు? పెద్ద డాక్టరమ్మ బయల్దేరింది! గడ్డ పనే ఇది. కాసేపట్లో తగ్గిపోద్ది," అంటూ తాళాలు పెట్టాడు. జారిపోయాయి. వేళ్లు మూసి, భుజం మీది గమ్ఛాతో కట్టేశాడు.

కట్టు విప్పేసరికి మధ్యాహ్నం. చెయ్యి లేవలేదు. అప్పుడు ఆటో పిలిచాడు.

ఇది గడ్డ పెరగడం కాదు, మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయింది, పక్షవాతం, అన్నాడు డాక్టరు. గడ్డ ఉన్నవాళ్లకి ఇలా జరగడం ఉన్నదేనట.

"పొద్దున్నే తెచ్చుంటే, సాబ్?" అనడిగాడు తవిటయ్య.

అడ్డు కరిగించే ఇంజెక్షన్ ఇస్తే గడ్డ దగ్గర రక్తం కారే ప్రమాదం, అది ఇచ్చేవాళ్లం కాదేమో. సన్నటి గొట్టం పంపి అడ్డు లాగడానికి వీలుండేదేమో. చెప్పలేను, అన్నాడు హిందీలో.

తిట్టినా బాగుండేది. 'చెప్పలేను' అన్న మాట తవిటయ్యని పట్టుకుంది.

చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "గడ్డ అలాంటిది బావా, నువ్వేటి చేత్తావు?" అనేవాడు బారిడీహ్‌లో ఉండే ఆమె తమ్ముడు అసిరయ్య. మా జనానికి ఓదార్పు కన్నా చవకైంది లేదు. ఆపిల్ పళ్ల సంచీతోపాటు పడేసి పోతారు. తవిటయ్య తలూపేవాడు. నూకాలమ్మ మంచం మీంచి వినేది. పోయింది మాటే, తెలివి కాదు.

ఒకరోజు తవిటయ్య ఆమెకి పప్పన్నం తినిపిస్తుంటే అసిరయ్య మళ్లీ అదే అన్నాడు.

"గడ్డని ఆడిపోసుకోకురా," అన్నాడు తవిటయ్య. "ముందే తెచ్చుంటే ఏదైనా చేసేవాళ్లేమో అన్నాడు డాక్టరు. నేనే కూకోబెట్టాను. పిల్ల ఏడుత్తన్నా ఇన్లేదు."

అసిరయ్య ఫ్యాన్ వైపు చూశాడు. నూకాలమ్మ మొగుణ్ణే చూసింది. ముద్ద దగ్గరికి రాగానే నోరు మూసుకుంది.

ఆ పూట నుంచి ఆమె శ్వేత చేత్తో పెడితేనే తింటోంది. తవిటయ్య అన్నం మెత్తగా పిసికి, ముద్దలు చేసి, కంచం కూతురి చేతికిచ్చి గుమ్మం అవతల నిలబడతాడు. లోపల ఆమె నమిలే చప్పుడు వింటుంటాడు.