గాజు పూసల మాల

నెల్లితోపులో మా ఎదురింటి అమ్మాయి ఏ వస్తువునైనా అరచేతిలో ఎగరేసి బరువు చూసేది. పడవ మునిగి భర్త కనబడకుండా పోయాక, గుర్తుపట్టలేని శవమొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మెడలోని పూసలమాలను ఆమె అలాగే ఎగరేసింది.

"ఇది గాజు మామా. ఆయనది స్ఫటికం. మీరే తూచి చెప్పండి."

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. రెండింటికీ మూలం ఇసుకే. స్ఫటికంలో అణువులు వరుస తీరి దగ్గరగా సర్దుకుంటాయి. గాజులో చెదిరి ఖాళీలు వదులుతాయి, అందుకే అది తేలిక. గాలిలోనూ నీళ్లలోనూ తూచాను. గాజే.

"కొన్నప్పుడే అంగడోడు మోసం చేసుంటాడేమో వదినా," అన్నాడు మరిది.

"అంటే మీ అన్న చచ్చిపోయుండాల, అంతేనా?"

ఆ శవాన్ని దిక్కులేనిదిగా పూడ్చారు. ఆమె రోజూ నిండుగా బొట్టు పెట్టుకొని తేంగాయితిట్టు రేవుకు ఆటో ఎక్కేది. నేను కనబడితే ఆపించేది.

"మీరు తూచి చెప్పబట్టి సరిపోయింది మామా. లేకుంటే ఎవురికో కొరివి పెట్టేసుందురు."