తెగాల్సిన గొలుసు

నగల దుకాణంలో అద్దం ఎందుకుంటుంది? చూసుకోవడానికే కదా! కానీ గొలుసుల బల్ల వెనక ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్న ఆవిడ అద్దాన్ని బోర్లా పెట్టేసేది. వచ్చినవాళ్ల మొహం కూడా సరిగ్గా చూడదు, మెడే చూస్తుంది. అందుకే అందరికీ ఆవిడ మెడలత్త. "కదలకుండా నిలబడితే ఏ గొలుసైనా బాగానే ఉంటుందమ్మా. రోజంతా నువ్వు చేసే పని చేసి చూపించు" అనేది. టీచరమ్మ గాల్లో బోర్డు మీద రాసేది. చంటిపిల్ల తల్లి ఉత్తి చేతులతోనే బిడ్డను ఎత్తుకునేది. చూసేవాళ్లకు నవ్వు ఆగేది కాదు.

తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చిన కుర్ర యజమానికి మాత్రం ఇదంతా ఒళ్లుమంట. చిన్నప్పుడు ఆవిడ బల్ల కింద ఆడుకున్నవాడు మరి, గట్టిగా అనలేడు, ఊరుకోనూ లేడు.

ఒకరోజు ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందట. అమ్మమ్మ లాకెట్టు వేసుకోవడానికి గొలుసు కావాలి.

"ఏనుగు లాగినా తెగకూడదండీ" అంది తల్లి.

"ఏం పని?" అని పిల్లనడిగింది మెడలత్త.

పిల్ల లాకెట్టును దారానికి గుచ్చి మెడలో వేసుకుని, ముందుకు వంగి, రెండు చేతులతో అట్ట తోస్తున్నట్టు చూపించింది. ఎదురుగా రెండు రోలర్లు తిరుగుతుంటాయట. వంగినప్పుడల్లా లాకెట్టు ముందుకు ఊగింది. మెడలత్త మొహంలో నవ్వు పోయింది.

"మిషను దగ్గర తీసేస్తావా?"

"తీసేయమన్నారండీ. తీసేస్తాను."

"ఏదో ఒకరోజు మర్చిపోతావు. అందరూ మర్చిపోతారు."

ఆవిడ ఓ సన్నటి గొలుసు తీసి, కొక్కెం పక్క లంకె విప్పి, దాని బదులు అతుకు వేయని పలచటి లంకె తగిలించి పిల్ల చేతికిచ్చింది. లాగీ లాగకముందే టప్పున ఊడింది.

తల్లికి చిర్రెత్తుకొచ్చింది. "ఇదేం చోద్యమండీ! తెగే గొలుసు ఎవరైనా కొంటారా?"

"రోలరు లాగితే గొలుసన్నా తెగాలి, మెడన్నా తెగాలి. ఏది కావాలో చెప్పు తల్లీ."

తల్లి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. కానీ కూతురు మంచినీళ్లకని అటు వెళ్లగానే యజమాని దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "బాబూ, ఆవిడకు తెలీకుండా ఆ లంకె అతికించి ఇవ్వు. మా అమ్మ గుర్తు అది, పోతే మళ్లీ రాదు."

అలాగేనమ్మా అన్నాడు. దుకాణం పరువూ దక్కుతుందనుకున్నాడు. వెనక గదిలో అతుకులు వేసే పనివాడికి గొలుసు అందించాడో లేదో, మెడలత్త ఎప్పుడు లేచొచ్చిందో ఏమో, యజమాని చెయ్యి పట్టుకుంది.

"తెగిందని రేపు వచ్చి కూర్చుంటే మన పరువేం కావాలత్తా?"

"పరువు మీ నాన్న సంపాదించాడు. పోతే నువ్వూ సంపాదించుకో. ఆ తల్లికి ఇంకో పిల్లని ఎక్కణ్ణించి తెస్తావు?"

పళ్లు నూరుకుంటూ గొలుసు ఉన్నదున్నట్టే ఇచ్చి పంపాడు.

నాలుగు నెలలకు ఆ తల్లి మళ్లీ వచ్చింది, ఒక్కతే. అయిపోయింది, దుమ్మెత్తి పోస్తుందిక అనుకుని లేచి నిలబడ్డాడు. ఆవిడ తిన్నగా గొలుసుల బల్ల దగ్గరికెళ్లి గుప్పిట విప్పింది. రేకులా అణిగిపోయిన లాకెట్టు. గొలుసు లేదు.

"ఆలస్యమైందని పరుగెత్తిందట, తీయడం మర్చిపోయింది. మెడ మీద ఎర్రగా గీత పడింది. అంతే. అంతేనమ్మా!" అంటూ ఆ తల్లి మెడలత్త రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

యజమాని ఆ లాకెట్టు వైపు వంగి చూశాడు. ఒక పిల్ల వంగిన తీరు చూసి, జరగబోయేది చూసేసిందే ఈ మనిషి! ఎంత మనిషి! ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఈవిణ్ణి చూసి విసుక్కున్నాడు తను.

తల్లి కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "ఆరోజు నా మాట వినకుండా ఎంత మంచి పని చేశావు బాబూ! నా బిడ్డను నిలబెట్టావు."

మెడలత్త అణిగిన లాకెట్టును గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తను చెప్పకపోతే ఆ తల్లికి తెలియదు.

"నేను మీ మాట విన్నానమ్మా" అన్నాడు చివరికి. "అతికించడానికి ఇచ్చేశాను కూడా. ఈవిడే నా చెయ్యి పట్టుకుంది."