ఆ నాయకుడి దండలో సగం

సగం దండ అయ్యాక జుబేదా ఆంటీ కట్టడం ఆపేసింది. బల్ల మీద నాయకుడి పేరు తెలుగులో రాసిపెట్టిన కార్డు మీద ఆమె చూపు పడింది.

"గీ దండ గాయనకా?"

అవునని తలూపాను.

అది 2006. వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోవర్ హట్‌లో ఒక పూలకొట్టులో పనిచేసేదాన్ని. చదివింది పదో తరగతే. కానీ పూల కండిషనింగ్, అంటే కోసిన పూలను వాడేముందు నీళ్ళలో నిలబెట్టి ఉంచడం, బాగా నేర్చుకున్నాను. దండ కట్టడం మాత్రం రాదు. ఇక్కడ అందరూ అడిగేది గుత్తులే. మా రాష్ట్రం నుంచి ఒక పెద్ద నాయకుడు వెల్లింగ్టన్ వస్తున్నారని, ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం నడిపే ప్రసాద్ అంకుల్ ఆరడుగుల చామంతి దండ ఆర్డరిచ్చారు. సాయంత్రం నాలుగింటికల్లా ఇవ్వాలి. మా ఓనర్ మార్గరెట్ నన్ను నమ్మి అప్పగించిన మొదటి పెద్ద ఆర్డర్ అది. అందుకే, జాన్సన్‌విల్‌లో కూతురి దగ్గరుండే జుబేదా ఆంటీని "ఏదో ఫంక్షన్ ఉంది" అని పిలిచాను. ఆయన పేరంటేనే ఆంటీకి పడదు, దండ ఎవరికోసమో చెబితే రాదేమోనని భయం.

ఏమైందని మార్గరెట్ అడిగింది. చెప్పాను.

"ఆయన చాలా గొప్పవాడట కదా! ఎంత వెడల్పు రోడ్డు వేయించాడో మా పేపర్లో ఫొటో వచ్చింది."

ఆ మాటే ఆంటీకి తెలుగులో చెప్పాను.

"గా రోడ్డు కిందనే మా గాజుల దుకాణం వోయింది. మా ఆయన గాజులమ్ముతుంటే అరుగు మీద కూసొని నేను పూలు కట్టేది. గది గూడ రాసిన్రా అడుగు."

అంతలో దండ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన ప్రసాద్ అంకుల్ ఆ మాట విన్నారు. "ఊరు బాగుపడాలంటే తప్పదమ్మా. ఆయన లేకపోతే బయట మనకింత గౌరవం ఉండేదా?"

"కాదంటలేనన్నా. నా బిడ్డ గూడ గా రోడ్డు మీద బస్సెక్కే కాలేజీకి వోయింది. గందుకే ఆయన్ని తిట్ట. కానీ నా చేత్తోని దండ కట్ట. నువ్వెయ్యి, నేనొద్దంటనా?"

కట్టింది కూడా ఆంటీ విప్పేస్తుందేమోనని భయపడ్డాను. విప్పలేదు. జారిపోకుండా చివరి ముడి బిగించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

మార్గరెట్ పూలు అందిస్తుంటే మిగతా సగం నేనే కట్టాను. ఒకవైపు దండ, రెండోవైపు చీపురు!

"ఫొటో తీసేటప్పుడు ఆంటీ కట్టిన వైపు కనబడేట్టు ఆయన్ని తిప్పి నిలబెడతాలే," అని నవ్వుతూ అంకుల్ నాలుగింటికి పట్టుకెళ్ళారు.

పని వచ్చినవాళ్ళని పిలిస్తే చాలనుకునేదాన్ని. ఆ పని ఎవరికోసమో ముందే చెప్పి, వాళ్ళ ఇష్టం అడగాలని ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే జాన్సన్‌విల్ వెళ్ళాను. "చెప్పకుండా కట్టించుకున్నాను, తప్పయింది ఆంటీ."

"గాడనే నిలబడ్తవా? లోపలికి రా, చాయ్ తాగు."

వచ్చే వారానికి ఇంకో ఆర్డర్ ఉంది. ఎవరి పెళ్ళో, ఆడపెళ్ళివారిదో మగపెళ్ళివారిదో, పెళ్ళికొడుకు ఏం చేస్తాడో, అంతా పూసగుచ్చినట్టు చెప్పి, అప్పుడు అడిగాను, కడతారా అని.