ఆవకాయ పేజీ మీద నా సంతకం

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో, నన్ను తిరువూరు ఔట్‌డోర్ షూటింగుకి వేశారు. అప్పట్లో నేనొక టీవీ వంటల కార్యక్రమంలో టెస్ట్ కిచెన్ ఇన్‌చార్జిని. చెఫ్ గారు తెర మీద చూపించిన ప్రతి వంటనీ, అది చూడని మనిషి చేత, కాగితం మీది కొలతలతోనే రెండుసార్లు వండించాలి. సరిగ్గా వస్తే కాగితం కింద నేను సంతకం పెట్టాలి. ఆ సంతకం పడిన కాగితమే ఆయన పుస్తకంలోకీ, విజయవాడలో ఆయన హోటల్ వంటగదిలోకీ వెళ్లేది. మా బంధువులు మాత్రం నేను చెఫ్ గారికి గిన్నెలు అందిస్తానని అనుకునేవారు. చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను.

తిరువూరులో ఆవకాయ కలిపి చూపించింది బసవమ్మ గారు. పుట్టిల్లు పెనుగొలను, డెబ్భై ఏళ్లు దాటిన మనిషి. చెఫ్ గారంటే ఆవిడకు ఎంత అభిమానమంటే, ఆయన కార్యక్రమం వచ్చే వేళకు ఇంటికి ఎవరొచ్చినా కాసేపు కూర్చోమనేది. ఆయన మొదటి వంటల పుస్తకానికి బ్రౌన్ పేపరు అట్ట వేసి దాచుకుంది. ఆ రోజు వీధంతా ఆవిడ వాకిట్లోనే ఉంది. రెడ్డిగూడెం తోట కాయలు టెంకతో సహా కొట్టించి, ముక్కలు గుడ్డతో తుడిచి, ఇత్తడి సోలతో కొలిచింది. అరచేత్తో అంచు సమం చేస్తూ కెమెరాకి చెప్పింది:

"మూడూ సమానమేనండి. సోల కారం, సోల ఆవపిండి, సోల ఉప్పు."

చెఫ్ గారి పుస్తకంలో అన్నీ గ్రాముల్లో ఉండాలి. సోల, గిద్ద అన్న మాటలు కంటపడితే ఆయనకు ఒళ్లు మండేది. అందుకని యూనిట్‌లో కాగితం రాసినవాళ్లు మూడూ సమానమే కదా అని కారం వంద గ్రాములు, ఆవపిండి వంద, ఉప్పు వంద అని రాశారు. దాన్ని నేను చదివాను. నాకేమీ తప్పు కనిపించలేదు.

ఊరగాయను పరీక్షించాలంటే కనీసం నలభై రోజులు జాడీలో ఉంచి చూడాలి. ఈ నియమం పెట్టినదాన్ని నేనే. కానీ హోటల్‌లో మామిడికాయల మెనూ ఆ నెలలోనే మొదలవ్వాలని మేనేజరు నా నెత్తిన కూర్చున్నాడు. ఆ కాగితం ప్రకారం కలిపించిన ఆవకాయను మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. సంతకం పెట్టేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

హోటల్‌లో ప్రతి జాడీకీ బసవమ్మ గారి ఫొటో, పేరు అంటించారు. శ్రావణం వచ్చేసరికి జాడీలన్నిటి మీదా తెల్లగా బూజు పట్టింది. ఆ వారం కార్యక్రమంలో చెఫ్ గారు నవ్వుతూ, పల్లెటూరి ఆడవాళ్లవి కంటి కొలతలనీ, వాటిని నమ్ముకుంటే జాడీలు పారబోసుకోవాలనీ అన్నారు. వెనక తెర మీద ఆవిడ ఫొటో వేశారు. తిరువూరంతా అది చూసింది.

నాకు అనుమానం వచ్చి సోల ఒకటి తెప్పించి మూడూ కొలిచి తూచాను. సోల ఉప్పు, సోల కారానికి రెండింతల కంటే ఎక్కువ తూగింది. ఆవిడ సమానమన్నది కొలతలో. మేము సమానం చేసింది తూకంలో. పడాల్సిన ఉప్పులో సగం కూడా మా ఆవకాయలో పడలేదు.

కాగితం పట్టుకుని చెఫ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కొత్త పుస్తకం అప్పుడే ప్రెస్‌కి వెళ్లబోతోంది. ఆయన ఒక్క నిమిషం చూసి, ఉప్పు దగ్గర 'రుచికి తగినంత' అని మార్చమన్నారు. పేజీ పైన బసవమ్మ గారి పేరు మాత్రం ఉంచమన్నారు, పల్లెటూరి పేరుంటే పుస్తకానికి అందమట. ఊరగాయలో ఉప్పు రుచి కోసం కాదు, నిలవ కోసం. చారులో ఉప్పు తగ్గితే తర్వాత వేసుకోవచ్చు. జాడీలో తగ్గితే జాడీ పోతుంది, దాని మీద పేరున్నవాళ్ల పేరూ పోతుంది. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. పుస్తకం ఎవరిదో గుర్తుంచుకోమన్నారు.

మర్నాడు సెలవు పెట్టి తిరువూరు బస్సెక్కాను. తప్పు నాదేనని బసవమ్మ గారికి మొదటి నుంచీ చెప్పాను. అంతా విని ఆవిడ లోపలికి వెళ్లి జాడీ తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. షూటింగు రోజున కెమెరా ముందు తన చేత్తో కలిపిన జాడీ అది. పైన వేలెడు నూనె, కింద ఎర్రటి ముక్క. బూజు మచ్చయినా లేదు.

తర్వాత చెఫ్ గారి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. తెరిచి చూశాను. ప్రతి వంటలోనూ గ్రాముల పక్కన పెన్సిల్‌తో సోలలు, గిద్దలు రాసి ఉన్నాయి. పసుపు మరకలు పడని పేజీ దాదాపు లేదు.

"చూశావా అమ్మాయ్? ఆయన గ్రాముల్ని నేను తూచి తూచి నా సోలలోకి మార్చుకున్నా. ఒక్క వంట చెడలేదు. నా సోలని ఆయన ఒక్కసారి తూచుకోలేకపోయాడా?" అంది. "నా పేరుండాలంటే నా సోల ఉండాలని చెప్పు. లేదంటే రెండూ తీసెయ్యమను. తగినంత అంటే ఊరుకోను."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఆవిడ అరుగు మీద కూర్చుని పబ్లిషరుకు ఉత్తరం రాశాను. ఆవకాయ పేజీ మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని ఒక వాక్యం. టెస్ట్ కిచెన్ సంతకం లేని వంటను అచ్చు వెయ్యకూడదని ఒప్పందంలోనే ఉంది. దానితో పాటు కొత్త కాగితం జతచేశాను. సోల కారం, సోల ఆవపిండి, సోల ఉప్పు అని రాసి, నలభై రోజులు దాటిన జాడీ చూసి, తిని, దాని కింద సంతకం పెట్టాను. గ్రాములు ఎక్కడా రాయలేదు. తూకం వేసి రాయగలను. కావాలనే రాయలేదు.

చెఫ్ గారు ఫోన్‌లో చాలాసేపు అరిచారు. పేజీ తీసేద్దామంటే ఆవకాయ లేని తెలుగు వంటల పుస్తకం ఎవరు కొంటారని పబ్లిషరు ఒప్పుకోలేదు. నన్ను టెస్ట్ కిచెన్ నుంచి తీసి సామాన్ల స్టోర్‌లో వేశారు. మిగిలిన ఉద్యోగమంతా అక్కడే చేశాను, రోజూ వేళకే వెళ్లాను. క్షమాపణ రాసిస్తే వెనక్కి తీసుకుంటామని రెండుసార్లు కబురొచ్చింది, రాయలేదు.

ఇంతకీ నేను నేర్చుకున్నది ఇది: పరీక్షించేవాళ్లకు రుచి చూసే నాలుక కంటే గడువు పూర్తయ్యేదాకా ఆగే మొండితనం ముఖ్యం. అది మేలో లేకపోబట్టే శ్రావణంలో తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ పుస్తకం చివర పనిచేసినవాళ్ల పేర్ల పట్టికలో నా పేరు లేదు. ఆవకాయ పేజీలో సోల ఉంది.